ఎక్కినవాడు దిగొద్దూ?

మా మండపేట చుట్టుపక్కల కొండ అనే పదార్థం లేదు. కొండ చూడాలని సరదా పుడితే ధవళేశ్వరం దాకా పోవాలి, లేదా అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి మెట్లెక్కాలి. ఇక్కడ ఉన్నదంతా వరిచేలు, కొబ్బరిచెట్లు, కాలువలు, రైసుమిల్లు గొట్టాలూను. మాకు నేలమీద కాస్త ఎత్తయిన చోటంటే కాలువగట్టే. అలాంటి ఊళ్ళో కూచుని మంచుకొండలెక్కిన వాళ్ళ కథల మీద విమర్శ వ్రాయడమేమిటని మీరడగవచ్చు. మా రైసుమిల్లు గుమాస్తాగారైతే అడగనే అడిగారు. "మాస్టారూ, ఈత రానివాడు గోదారి లోతు గురించి చెప్పినట్టుంటుందండీ!" అన్నారాయన.

నిజమే. కాని లోతు గురించి ఈత రానివాడికున్నంత పట్టింపు ఈతగాడికి ఉండదు. ఈతగాడు అవతలి ఒడ్డు చూస్తాడు. రానివాడు నీళ్ళు చూస్తాడు. కొండలెక్కే కథల్లో నాకు కావలసినవి ఆ నీళ్ళే. మన తెలుగులో వచ్చే ఆరోహణ కథల్లో అవి కనపడవు. ఇదీ నా ఫిర్యాదు.

మనవాళ్ళెవరైనా ఒక పెద్ద శిఖరమెక్కారనుకోండి. మర్నాడు పేపరు తీస్తే "జయించారు", "పాదాక్రాంతం చేసుకున్నారు", "మువ్వన్నెల జెండా రెపరెపలాడించారు" అని ఉంటుంది. మూడు ముక్కల్లో కథ ముగిసింది. కొండ ఏదో రాజ్యమైనట్టూ, మనవాడు దండెత్తి వెళ్ళి కోట పట్టుకున్నట్టూ ఉంటుంది వరస. పైన నిలబడ్డది పావుగంటో అరగంటో. దానికి ముందు నెలన్నర నడకా, దాని తర్వాత ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగిన దిగుడూ ఉన్నాయి. వాటి సంగతి ఎవడికీ పట్టదు. ఎక్కినవాడు దిగొద్దూ?

పర్వతారోహకుల్లో ఒక పద్ధతి ఉంది. ఒక గట్టు పట్టుకుని శిఖరమెక్కి, వచ్చిన దారినే దిగకుండా అవతలి గట్టు మీదుగా మరో లోయలోకి దిగిపోతారు. గట్టు అంటే ఇక్కడ కొండకు వెన్నెముకలాంటి భాగం. రెండువైపులా జారుడు, మధ్య సన్నటి కాలిబాట. పాశ్చాత్యులు దీన్ని రిడ్జి అంటారు. ఈ మాట నేను అరువు తెచ్చుకున్నది కాదు. కోనసీమలోనూ మా ఊళ్ళలోనూ గట్టంటే చేనుగట్టు, కాలువగట్టు. అదే రాయలసీమవైపూ తెలంగాణావైపూ వెళ్ళి గట్టంటే కొండ అని అర్థం చెపుతారు. ఒకే మాట ఒకచోట జానెడెత్తు, ఇంకోచోట ఆకాశమంతెత్తు! ఇలాంటి మాట చేతిలో పెట్టుకుని, కొండల గురించి వ్రాయడానికి తెలుగులో మాటల్లేవంటే నేనొప్పుకోను.

గట్టుమీద నడక ఎలాంటిదో మా వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఊడ్పుల రోజుల్లో, వాన కురిసి మట్టి జిగురుగా ఉన్నప్పుడు, తలమీద నారుకట్టలతో కూలీలు ఆ గట్లమీద నడవడం చూడండి. ముందున్న మనిషి కాలు జారితే వెనకున్న మనిషి ఆగుతుంది. ఎవరూ గట్టు చివరికి చేరినందుకు చప్పట్లు కొట్టరు. జారకుండా వెళ్ళడమే పని, ఒక్కొక్క అడుగే సంగతి. కొండ గట్టుమీదా అంతే. కాకపోతే ఇక్కడ జారితే బురద, అక్కడ జారితే నాలుగువేల అడుగులు. అక్కడివాళ్ళకొక సూత్రం ఉంది. ఒకే తాడు కట్టుకుని సన్నగట్టు మీద నడిచే ఇద్దరిలో ఒకడు కుడివైపు జారితే, రెండోవాడు తక్షణం ఎడమవైపు దూకాలి. అప్పుడే తాడు గట్టుకు అడ్డంపడి ఇద్దరూ వేలాడతారు, ఇద్దరూ బతుకుతారు. స్నేహానికి ఇంతకంటే కఠినమైన నిర్వచనం నేనే కావ్యంలోనూ చూడలేదు.

ఇలాంటి నడకకు పేరుమోసిన కొండ ఆల్ప్సులోని మాటర్‌హార్న్. ఎత్తు 4,478 మీటర్లు. స్విట్జర్లాండుకీ ఇటలీకీ సరిహద్దు. నాలుగు ముఖాలు, నాలుగు గట్లు. ఇటలీవైపు సింహపుగట్టు పట్టుకుని ఎక్కి, స్విట్జర్లాండువైపు హోర్న్‌లి గట్టుమీదుగా జెర్మాట్ అనే ఊళ్ళోకి దిగడం ఒక పేరున్న దారి. పైన శిఖరం ఒకటి కాదు, రెండు. ఇటలీ కొన, స్విస్సు కొన. ఆ రెంటి మధ్యా వందమీటర్ల దూరం, కత్తివాదరలాంటి సన్నటి మంచుగట్టు. స్విస్సు కొన ఒకటి రెండు మీటర్లు ఎక్కువ ఎత్తు. దారిలో మలుపుకొక మనిషి పేరుంది. 3,830 మీటర్ల దగ్గర కారెల్ గుడిసె, 4,241 మీటర్ల దగ్గర టిండాల్ శిఖరం. ఈ ఇద్దరితోనూ, వీళ్ళకంటే ముందు పైకెక్కిన మూడో ఆయనతోనూ నాకు పనుంది.

ఆ మూడో ఆయన ఎడ్వర్డ్ వింపర్. లండనులో చెక్కమీద బొమ్మలు చెక్కే పనివాడు. 1860లో ఇరవై ఏళ్ళ వయస్సులో, పుస్తకాలకు కొండల బొమ్మలు గీసుకురమ్మని పంపితే ఆల్ప్సుకు వెళ్ళాడు. బొమ్మకోసం వెళ్ళినవాడికి కొండ పట్టుకుంది. మాటర్‌హార్న్ మీద ఏడుసార్లు ప్రయత్నించి ఓడిపోయాడు. ఎనిమిదోసారి, 1865 జూలై 14న, హోర్న్‌లి వైపునుంచి ఎక్కేశాడు. అదే సమయంలో జాన్ ఆంటోయిన్ కారెల్ అనే ఇటలీ గైడు అవతలి గట్టుమీద ఇంకా కిందనే ఉన్నాడు. వింపరు జట్టు పైనుంచి కేకలు వేసి, వినపడలేదేమోనని రాళ్ళు దొర్లించి మరీ తమ గెలుపు చాటుకున్నారు. కారెల్ జట్టు వెనక్కి తిరిగిపోయింది.

ఇంతవరకే అయితే అది మన పేపరు కథ. అసలు కథ దిగేటప్పుడు మొదలైంది. ఏడుగురు దిగుతున్నారు. ముందు మైకేల్ క్రోజ్ అనే గైడు, తర్వాత హాడో, హడ్సన్, లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్, ఆపైన పెద్ద టౌగ్‌వాల్డర్, వింపర్, చివర చిన్న టౌగ్‌వాల్డర్. హాడో అనుభవం లేని కుర్రవాడు. అతని కాలు జారి క్రోజ్ మీద పడ్డాడు. ఆ బరువుకి హడ్సనూ డగ్లసూ లాక్కుపోబడ్డారు. పైన ముగ్గురూ నిలదొక్కుకున్నారు. డగ్లసుకీ పెద్ద టౌగ్‌వాల్డరుకీ మధ్యనున్న తాడు తెగింది. నలుగురు పోయారు. ముగ్గురి శవాలు దొరికాయి. డగ్లస్ శవం దొరకనేలేదు.

వింపర్ ఈ కథంతా 1871లో 'స్క్రాంబుల్స్ అమంగ్‌స్ట్ ది ఆల్ప్స్' అనే పుస్తకంగా వేశాడు. బొమ్మలు కూడా తనవే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇది గొప్ప పుస్తకం. ఎందుకంటే చెక్కపనివాడి చెయ్యి వాక్యంలోకి కూడా వచ్చింది. రాయి ఎలాంటిది, ఎక్కడ పెళుసు, డేరా ఎలా కుట్టాలి, తాడు ఎంత మందం, ఇవన్నీ కొలత వేసినట్టు చెపుతాడు. ఏడు ఓటముల్ని దాచకుండా వరసగా చెప్పాడు. 1862లో ఒంటరిగా దిగుతూ రెండొందల అడుగులు దొర్లిన సంగతీ చెప్పాడు. గెలుపు వచ్చేసరికి పుస్తకం చాలా భాగం అయిపోతుంది. అప్పుడైనా శిఖరం మీద నిలబడి ఉపన్యాసమివ్వడు. కారెల్ ఇక్కడ నా పక్కన ఉంటే బాగుండేదని అనుకుంటాడు. పుస్తకాన్ని హెచ్చరికతో ముగిస్తాడు. మన ఆరోహణ రచనల్లో లేనిది ఈ సన్నటి దృష్టే.

అయితే పుస్తకంలో ఒక పెళుసుచోటుంది. విమర్శకుడు కాలు అక్కడే వెయ్యాలి. ఆ రోజు వాళ్ళ దగ్గర మూడు రకాల తాళ్ళున్నాయి. తెగింది మూడింటిలోనూ బలహీనమైనది, అవసరానికి పనికొస్తుందని తెచ్చుకున్నది. దాన్ని ఎందుకు వాడారు? పెద్ద టౌగ్‌వాల్డర్ కావాలనే ఆ తాడు కట్టుకున్నాడేమో, కింద నలుగురు జారినా తను బతకాలని, అనే అనుమానాన్ని వింపర్ కాగితమ్మీద పెట్టాడు. తనకలా అనిపించదంటూనే పెట్టాడు. విచారణలో టౌగ్‌వాల్డర్ తప్పులేదని తేలింది. అయినా ఆ అనుమానం అతన్ని వదల్లేదు. మరి తాళ్ళు కడుతున్నప్పుడు వింపర్ ఏం చేస్తున్నాడు? శిఖరం బొమ్మ గీసుకుంటున్నాడు. తర్వాత, ఎక్కినవాళ్ళ పేర్లు వ్రాసి సీసాలో పెట్టడం మర్చిపోయామని ఎవరో అంటే, ఆ పేర్లు వ్రాస్తున్నాడు. ఈలోగా మిగతావాళ్ళు కదిలారు. ఇదీ తనే చెప్పాడు. కాని దాన్నీ తాడునీ కలిపి చూడలేదు. పేర్లు వ్రాయడానికి తీరికైంది, ముడులు చూడడానికి కాలేదు. తాళ్ళు తెచ్చినవాడు తను, జట్టును కూర్చినవాళ్ళలో ముఖ్యుడు తను. కాగితమ్మీద మాత్రం అనుమానం గైడుమీద పడింది. గైడు పుస్తకం వ్రాయలేడు గదా!

ఇక్కడ నాకు మన మహాభారతం గుర్తొస్తుంది. మహాప్రస్థానంలో పాండవులు హిమాలయం దాటి నడుస్తూ పోతుంటే ముందు ద్రౌపది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు పడిపోతారు. ఎవరు పడినా భీముడు కారణమడుగుతాడు. ధర్మరాజు వెనక్కి తిరక్కుండా పడినవాళ్ళ లోపం చెపుతాడు. ఈమెకు పక్షపాతం, వీడికి అందం మీద గర్వం, వాడికి గొప్పలు చెప్పుకోవడం, ఇలాగ. పడినవాళ్ళు జవాబు చెప్పరు. నడుస్తున్నవాడే కథ చెపుతాడు. అయితే వ్యాసుడు వింపరుకంటే తెలివైనవాడు, తిక్కనగారు ఆ తెలివిని తెలుగులోకి తెచ్చారు. అక్కడితో ఆపకుండా కుక్కను తెచ్చి ధర్మరాజు పక్కన నడిపించారు. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే ఈ కుక్కను వదిలి రానన్నాడు ధర్మరాజు. ఆ మాటతోనే ఆయన పెద్దవాడయ్యాడు. ఆ నడకలో ఎక్కిన కొండ పేరేమిటంటే మనలో చాలామందికి తెలియదు. కుక్క మాత్రం అందరికీ జ్ఞాపకం.

మాటర్‌హార్న్‌ని ఒకవైపు ఎక్కి రెండోవైపు మొదట దిగినవాడు జాన్ టిండాల్. 1868లో ఇటలీ గట్టుమీద ఎక్కి జెర్మాట్ వైపు దిగాడు. కాంతి ధూళికణాల మీద పడి ఎలా చెదురుతుందో పరిశీలించిన శాస్త్రజ్ఞుడీయనే. ఈయన పుస్తకం 'అవర్స్ ఆఫ్ ఎక్సర్‌సైజ్ ఇన్ ది ఆల్ప్స్' కూడా చిత్రంగా 1871లోనే వచ్చింది. వింపర్ కొండను శత్రువులా చూస్తే టిండాల్ ముసలివాణ్ణి చూసినట్టు చూశాడు. ఎక్కుతున్నంతసేపూ రాళ్ళు ఊడిపడుతూంటే, ఈ కొండ శిథిలమవుతోందని దిగులుపడ్డాడు. ఆ దిగులుకూడా, సృష్టికి మొదట ఉన్న ఆకారంలేని పొగమంచులో ఎక్కడో దాగి ఉందా అని ఆలోచించాడు. రెండు గట్లు తొక్కినవాడికి వచ్చే ఆలోచన ఇది. జెండా పాతి వచ్చినదారిన పరుగెత్తేవాడికి ఇది రాదు. వింపరుకున్న కొలతలు టిండాల్‌లో లేవు, కథ పట్టూ తక్కువే. అయినా కొండ తనకంటే పెద్దదన్న సంగతి ఈయన పుస్తకంలోనే ఎక్కువ తెలుస్తుంది.

అదే 1871లో మెటా బ్రెవూర్ట్ అనే అమెరికా మహిళ జెర్మాట్ వైపు ఎక్కి ఇటలీవైపు దిగింది. ఈ కొండను ఆ తీరున దాటిన మొదటి స్త్రీ ఆమె. తర్వాత మరో కొండెక్కి ఆ అనుభవం వ్రాస్తే, ఆల్పైన్ క్లబ్బువారి పత్రికలో అది ఆమె మేనల్లుడి పేరుమీద అచ్చయింది. ఆ క్లబ్బు ఆడవాళ్ళకు తలుపు తీసింది 1974లో. చూశారా, కొండెక్కడం ఒకరి వంతు, కథకు పేరు ఇంకొకరి వంతు.

ఇక కారెల్. కేకలు విని వెనక్కి తిరిగిపోయిన ఆ ఇటలీ మనిషి మూడురోజుల తర్వాత, జూలై 17న, తన గట్టుమీదనుంచే తన కొండెక్కాడు. 1880లో వింపరుతో కలిసి దక్షిణ అమెరికాలో చింబొరాజో కూడా ఎక్కాడు. వైరం తాడులాగే రెండు కొసలా కలిసింది. 1890 ఆగస్టులో ఇద్దరితో సింహపుగట్టు మీద ఉండగా పెద్ద తుపాను పట్టుకుంది. అరవై దాటిన మనిషి. మంచులో, గాలిలో, గంటల తరబడి తనను నమ్ముకుని వచ్చిన మనిషిని దింపుకుంటూ వచ్చాడు. ప్రమాదమైన చోట్లన్నీ దాటించి, ఇక భయం లేదనుకున్న నేల చేరాక, అక్కడ కూలబడి ప్రాణం విడిచాడు. కారెల్ పుస్తకం వ్రాయలేదు. వ్రాస్తే బహుశా శిఖరానికి ఒక్క వాక్యమూ, దిగడానికి వంద పేజీలూ ఇచ్చేవాడు.

"ఇవన్నీ దొరల కథలండీ, మనకేం సంబంధం?" అన్నారు గుమాస్తాగారు ఇంతదాకా విని. సంబంధం ఉంది. మంచుకొండ మీద తెలుగువాడు వ్రాసిన కథల్లో మొదట చెప్పుకోవలసింది దిగలేకపోయిన కథే. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర' తీయండి. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు రాసుకుని ఒక్క చిటికెలో హిమాలయం చేరాడు. ఎక్కడం ఎంత సులభం! చూడవలసినవన్నీ చూశాడు. ఇంటికి పోదామనుకునేసరికి మంచుకి పసరు కరిగిపోయింది. కథంతా అక్కణ్ణుంచే. వరూధిని రావడం, ఆయన ఇల్లు ఇల్లని తపించడం, అగ్నిదేవుణ్ణి వేడుకోవడం, ఇవన్నీ దిగే దారి పోయినందువల్లనే. పెద్దనగారు ఆరోహణకు రెండు మాటలిచ్చి, అవరోహణ చిక్కును ప్రబంధానికి ప్రాణం చేశారు. కొండెక్కిన ప్రవరుడికి శిఖరం మీద మోజు లేదు, ఇంట్లో అగ్నిహోత్రం ఆరిపోతుందేమోననే బెంగ ఉంది. ఐదువందల ఏళ్ళ కిందట మనకింత బాగా తెలిసిన సంగతి ఇప్పుడెలా మర్చిపోయాం?

మర్చిపోయామనడానికి సాక్ష్యం కావాలంటే 2014 చూడండి. ఆ ఏడు మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రవాడు సాధనపల్లి ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకప్పుడు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఇద్దరూ గురుకుల పాఠశాల పిల్లలు. భువనగిరి కోటరాయి మీద మొదటి పాఠం, ఆపైన డార్జిలింగు. వీళ్ళు ఎక్కింది టిబెట్టువైపు ఈశాన్యపు గట్టుమీద. అది 1924లో మేలరీ, ఇర్విన్ మాయమైన గట్టు. మేలరీ శరీరం దొరకడానికి 1999 దాకా పట్టింది. ఆ గట్టుమీద మూడు మెట్లుంటాయి, అన్నవరం మెట్లు కావు, నిట్టనిలువు రాతిగోడలు. రెండో దానికి 1975లో చైనావాళ్ళు నిచ్చెన బిగించారు. ఎనిమిదివేల మీటర్ల పైన, ఒంట్లో శక్తి నిమిషనిమిషానికి తరిగిపోయే ఎత్తులో, రాత్రిపూట, పదమూడేళ్ళ పిల్ల ఆ నిచ్చెన మీద కాలు పెట్టిందంటే అది వ్రాయడానికి మన దగ్గర కావలసినంత తెలుగుంది. మనం వ్రాసింది "జయించింది" అని.

2017లో రాహుల్ బోస్ 'పూర్ణ' అనే సినిమా తీశాడు, హిందీలో. అది నిజాయితీగల సినిమా. బాల్యవివాహం, హాస్టలు అన్నం, పిల్లల మొండితనం, ఇవన్నీ హంగులు లేకుండా చూపించాడు. ఊరూ శిక్షణా కథలో బరువు మోస్తాయి, అది సబబే. పాకాలనుంచి హాస్టలు దాకా ఉన్న ఎక్కుడు ఎవరెస్టుకంటే తక్కువది కాదు. నా ఫిర్యాదు సినిమా మీద కాదు, ఆ కథను మనం నోట చెప్పుకునే తీరు మీద. ఆ పిల్లలతో పైదాకా వెళ్ళిన షెర్పాల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఆ గట్టుమీద తిరుగుదారి ఎలా సాగిందో ఎంతమంది అడిగారు? సన్మానాల్లో శాలువలు కప్పాం, అంకెలు చెప్పుకున్నాం. అడగవలసినది అడగలేదు.

తాడు రెండో కొసనున్నవాడు మాట్లాడితే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ ఉంది. టెన్సింగ్ నార్గే 1955లో తన జీవితకథ వెలువరించాడు. తనకు చదువు లేదు, ఒక అమెరికా రచయితకు చెప్పి వ్రాయించాడు. 1953 మే 29న పైకి ముందు ఎవరు కాలు పెట్టారని దేశాలన్నీ కొట్టుకుంటున్నాయి. మనదేశంలోనూ నేపాలులోనూ టెన్సింగే ముందు అనాలని జనానికి ఆశ. ఆ ఆశలన్నీ తెలిసి కూడా, హిల్లరీ ముందు, తను వెనక అని చెప్పేశాడాయన. చెపుతూనే, తాడు కట్టుకున్నవాళ్ళ మధ్య ఆ ప్రశ్నకు అర్థం లేదన్న సంగతి తేటతెల్లం చేశాడు. ఒక్క నిజంతో జెండాల గోల అణిగిపోయింది. పుస్తకమంటే అది.

"అయితే మాత్రం, పిల్లలకు ఉత్సాహం రావాలంటే జయగీతాలే పాడాలి గదండీ" అన్నారు మా గుమాస్తాగారు. ఇదే అసలు చిక్కు. దీనికి జవాబు చెప్పాలంటే మల్లి మస్తాన్‌బాబు కథ చెప్పాలి.

విజయనగరం దగ్గర కోరుకొండలో సైనిక్ స్కూలుంది. మన రాజమండ్రి దగ్గర నరసింహస్వామి కోరుకొండ కాదు, అది వేరు. ఆ స్కూల్లో చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో సైన్యం పంపిన ఎవరెస్టు జట్టులో వెళ్ళి తిరిగి రాలేదు. ఆ జట్టులో ఐదుగురు పోయారు. స్కూల్లో ఆయన విగ్రహం పెట్టారు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం అనే పల్లెనుంచి వచ్చి అక్కడ చదువుకున్న మస్తాన్‌బాబు ఆ విగ్రహాన్ని చూస్తూ పెరిగాడు. ఆ విగ్రహం వల్లనే తనకు కొండలమీద మనసు పోయిందని చెప్పేవాడు. ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం చదివి కూడా కొండలవెంట పడ్డాడు. 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ అనే కొండెక్కడానికి ఒంటరిగా వెళ్ళాడు. మార్చి 24 తర్వాత జాడ లేదు. ఏప్రిల్ మొదట్లో శరీరం దొరికింది.

చూడండి, తిరిగి రాని మనిషి విగ్రహం ఒకటి ఇంకో మనిషిని కొండలకు పంపింది. విగ్రహాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ వీరుడికి విగ్రహం ఉండవలసిందే. కాని విగ్రహం ఎప్పుడూ పైకే చూస్తుంది. అది దారి చెప్పలేదు. ఎక్కడ తిరిగి వచ్చెయ్యాలో, తుపాను ముందు గాలి ఎలా ఉంటుందో, తాడు ఏ రకం కట్టాలో, పక్కన మనిషి ఎందుకుండాలో, ఇవి విగ్రహం పని కాదు, పుస్తకం పని. మస్తాన్‌బాబు పోయినప్పుడు మనం కన్నీళ్ళతో ఎన్నో వ్రాశాం. వాటన్నిటిలోనూ ఆయన ఎక్కిన శిఖరాల జాబితా ఉంది. ఏడు శిఖరాలెక్కినవాడంటే ఏడుసార్లు దిగివచ్చినవాడు గదా! తుపాను చూసి వెనక్కి తిరిగిన రోజులూ, పైన కనబడుతున్న కొనను వదిలేసి దిగిన సాయంత్రాలూ లేకుండా అంతటి ఆరోహకుడు తయారుకాడు. ఆ రోజుల కథ మన పిల్లల చేతికి అందలేదు. అందింది జాబితా.

జయగీతం పిల్లవాణ్ణి గుమ్మం దాటిస్తుంది, ఒప్పుకుంటాను. వాణ్ణి మళ్ళీ గుమ్మంలోకి తెచ్చే వాక్యం కూడా ఎవరో ఒకరు వ్రాయాలి. పూర్ణ 2022లో తన ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసుకుంది. ఆనందూ, ఆ తర్వాత గురుకులాలనుంచి కొండలకు వెళ్ళిన పిల్లలూ ఉన్నారు. వాళ్ళ దగ్గర కూచుని అడిగేవాళ్ళు కావాలి. "పైన ఎలా ఉంది?" అని కాదు. "ఏ అడుగు దగ్గర భయమేసింది? ఎవరు చెయ్యిచ్చారు? ఆయన పేరేమిటి? దిగుతుంటే ఏమాలోచించావమ్మా?" అని. ఆ జవాబుల్ని చెక్కపనివాడి చేతితో, వెనక్కి తిరిగి చూసే మనసుతో వ్రాస్తే వింపరుకంటే మంచి పుస్తకం మనకొస్తుంది. తాడు రెండు కొసలూ అందులో ఉంటాయి గనుక.

మాటలకు వెతుక్కోనక్కర్లేదన్నాను గదా. కొండ వెన్నును వెన్నే అందాం. మా చేలల్లో వరి పొట్ట విచ్చుకుని బయటికొచ్చే కంకినీ వెన్నే అంటాం. మా రైతు వెన్ను తీసిన చేను చూసి మురిసిపోతాడుగాని, పంట పండిందనడు. అది కోతకు రావాలి, నూర్పు కావాలి, గట్లమీదుగా ఇల్లు చేరాలి. ధాన్యం గాదెలో పడ్డ రోజునే ఆ మాట నోట వస్తుంది.